హెలెన్ కెల్లర్ : జాలికీ హక్కుకీ మధ్య ఒక జీవితం

హెలెన్ కెల్లర్ పేరు వినని విద్యార్థి మనలో ఉండడు. చిన్నప్పుడు పాఠ్యపుస్తకంలోనో, మాస్టారి నోటనో ఆ కథ అందరం విన్నదే. ఓ పసిపిల్ల. చూపు లేదు, వినికిడి లేదు, మాట లేదు. ఒక పంతులమ్మ వచ్చింది. పిల్ల చేతిని పంపు నీళ్ల కింద పెట్టించి, రెండో అరచేతిలో వేళ్లతో అక్షరాలు కూర్చింది. నీళ్లంటే ఏమిటో, మాటంటే ఏమిటో ఆ పిల్లకి ఒక్కసారిగా తెలిసిపోయింది. అక్కడితో పాఠం అయిపోతుంది. కింద ప్రశ్నలూ, ఖాళీలూ!

కాని ఆ పంపు దగ్గర నిలబడ్డ పాపకి అప్పటికి ఏడేళ్లు కూడా నిండలేదు. ఆ తరవాత ఆమె మరో ఎనభై ఒక్క సంవత్సరాలు బతికింది. అన్నేళ్లూ ఏం తిని బతికింది? కాలేజీ ఫీజు ఎవరు కట్టారు? పక్కనే కూర్చుని ప్రపంచాన్నంతా అరచేతిలో రాసి చూపించిన ఆ పంతులమ్మకి జీతం ఎవరిచ్చారు?

మహనీయుల జీవితాలు రాసేటప్పుడు డబ్బు సంగతి ఎత్తకపోవడం మనకో అలవాటు. అదేదో మర్యాద తక్కువ పని అనుకుంటాం. కాని స్కాలర్‌షిప్ దరఖాస్తుకి ఆదాయం సర్టిఫికెట్ జతచెయ్యడానికి తహసీల్దారు ఆఫీసు వరండాలో పడిగాపులు పడ్డ విద్యార్థికి ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్నలు ఇంకేం ఉంటాయి? సాయం కావాలంటే ముందు మన లేమిని మనమే రుజువు చేసుకోవాలి. ఇంట్లో ఏముందో, నాన్నకి ఏమొస్తుందో, పొలం ఎన్ని సెంట్లో కాగితం మీద పెట్టాలి. అవయవలోపం ఉన్నవాళ్లకైతే ఈ పరీక్ష రెండింతలు. జేబు ఖాళీ అని ఒక చోట, ఒళ్లు సరిగా లేదని మరో చోట రుజువు చూపాలి. ఆ రుజువులు మనిషిని ఏం చేస్తాయి? హెలెన్ కెల్లర్ జీవితాన్ని ఈ వైపు నుంచి చూస్తే, పాఠ్యపుస్తకంలో చోటు దొరకని సంగతులు చాలా కనిపిస్తాయి.

* * *

హెలెన్ 1880 జూన్ 27న అమెరికాలో దక్షిణాదినున్న అలబామా రాష్ట్రంలో, టస్కంబియా అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి కెప్టెన్ ఆర్థర్ కెల్లర్ అంతర్యుద్ధంలో దక్షిణ రాష్ట్రాల పక్షాన పోరాడి, తరవాత ఊళ్లో పత్రిక నడిపినవాడు. తల్లి పేరు కేట్. పేరున్న కుటుంబమే. కాని యుద్ధం తరవాత ఆ ప్రాంతపు పెద్దిళ్లలో చాలావాటికి మల్లే, పేరున్నంతగా చేతిలో డబ్బు లేదు. పంతొమ్మిదో నెలలో పాపకి పెద్ద జబ్బు చేసింది. బతకదనుకున్నారు. బతికింది గాని కళ్లూ చెవులూ రెండూ పోయాయి.

ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ అమెరికా యాత్ర గురించి రాసిన పుస్తకంలో లారా బ్రిడ్జ్‌మన్ అనే అంధ బధిర బాలిక చదువుకున్న వైనం ఉంది. అది చదివిన కేట్‌కి ఆశ పుట్టింది. డాక్టర్ల చుట్టూ తిరిగి, చివరికి టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహమ్ బెల్ దగ్గరికి వెళ్లారు. బధిరుల చదువు కోసం జన్మంతా పాటుపడినవాడు బెల్. బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలకి రాయమని ఆయనే చెప్పాడు. వాళ్లు పంపిన పంతులమ్మే ఆనీ సలివన్. 1887 మార్చి 3న ఆమె టస్కంబియాలో రైలు దిగింది. అప్పటికి ఆమెకి ఇంకా ఇరవై ఒకటి నిండలేదు. నెలకి 25 డాలర్ల జీతానికి ఒప్పుకుంది. కొన్నేళ్లు పోయాక ఆ జీతం కూడా ఇవ్వలేని స్థితి వచ్చింది కెప్టెన్ గారికి. జీతం రాకపోయినా ఆనీ వెళ్లిపోలేదు.

ఆ పిల్ల పంతులమ్మ ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోతే ఈ కథ సగమే తెలిసినట్టు. ఆనీ 1866లో మాసచూసెట్స్ రాష్ట్రంలో, ఐర్లండ్ నుంచి వలస వచ్చిన నిరుపేద దంపతులకి పుట్టింది. చిన్నతనంలోనే ట్రకోమా వచ్చి కళ్లు బాగా దెబ్బతిన్నాయి. తల్లి క్షయతో పోయింది. తండ్రి పిల్లల్ని వదిలేశాడు. 1876 ఫిబ్రవరిలో పదేళ్లు నిండని ఆనీనీ, తుంటికి క్షయ సోకిన తమ్ముడు జిమ్మీనీ టూక్స్‌బరీ ఊళ్లో ఉన్న సర్కారు బీదల శరణాలయానికి తోలేశారు. దిక్కులేనివాళ్లూ, మతిచలించినవాళ్లూ, రోగులూ, ముసలివాళ్లూ అందరినీ ఒకచోట కుక్కిన లోగిలి అది. కొన్ని నెలలకే తమ్ముడు అక్కడే చనిపోయాడు.

ఆ రోజుల్లో బీదలకి ప్రభుత్వం చేసే సాయం అంటే చాలావరకు అదే. చేతికి డబ్బివ్వరు. ఇల్లూ వాకిలీ వదులుకుని శరణాలయంలో చేరితే ఇంత తిండి పెడతారు. ఎవరూ లేనివాళ్లు, ఏమీ లేనివాళ్లు మాత్రమే అందుకు అర్హులు. అక్కడికి వెళ్లడమే సిగ్గుగా ఉండాలనీ, అప్పుడే జనం సోమరులు కాకుండా ఉంటారనీ పెద్దల సిద్ధాంతం. తొమ్మిదేళ్ల పిల్లకి సోమరితనం ఏమిటని ఎవరూ అడగలేదు!

1880లో శరణాలయాన్ని తనిఖీ చెయ్యడానికి కొందరు అధికారులు వచ్చారు. కళ్లు కనపడని ఆనీ ఆ గుంపు వెంట పడి, తనకి బడికి పోవాలని ఉందని మొరపెట్టుకుంది. అలా పెర్కిన్స్ బడిలో సీటు వచ్చింది. పద్నాలుగేళ్లకి అక్షరాలు మొదలుపెట్టి, ఆరేళ్లలో తరగతికి మొదటిదిగా పట్టా పుచ్చుకుంది. ఆపరేషన్ల వల్ల చూపు కొంత తిరిగొచ్చింది. ఆ అరకొర చూపుతోనే ఆమె యాభై ఏళ్లు హెలెన్‌కి కళ్లుగా పనిచేసింది.

* * *

హెలెన్ పేరు దేశమంతా మోగిపోయింది. పేరు వచ్చింది గాని డబ్బు రాలేదు. 1896లో తండ్రి పోయాడు. ఇక చదువు సాగాలంటే దాతలే గతి. బోస్టన్ చక్కెర వ్యాపారి జాన్ స్పాల్డింగ్ కొంతకాలం ఆదుకున్నాడు. తరవాత రచయిత మార్క్ ట్వేన్ పూనుకుని, స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ పెద్దల్లో ఒకడైన హెన్రీ రోజర్స్ దంపతులకి ఆమె సంగతి రాశాడు. రోజర్స్ ఇచ్చిన డబ్బుతో ఆమె 1900లో రాడ్‌క్లిఫ్ కాలేజీలో చేరింది. క్లాసులో లెక్చరర్ చెప్పే ప్రతి మాటా ఆనీ పక్కన కూర్చుని అరచేతిలో రాసేది. బ్రెయిలీలో దొరకని పుస్తకాలన్నీ తన పాడైన కళ్లతో చదివి వినిపించేది, కాదు, చేతికి అందించేది. 1903లో ఆత్మకథ అచ్చయింది. 1904లో హెలెన్ ఆనర్స్‌తో బి.ఏ. పట్టా పుచ్చుకుంది. చెవులూ కళ్లూ లేకుండా బి.ఏ. అయినవాళ్లు అంతకుముందు లేరు.

దాతల డబ్బుకి దరఖాస్తు ఫారం లేదు, సర్టిఫికెట్ లేదు. అయినా పరీక్ష లేకపోలేదు. పిల్లని ఎలా పెంచాలో, ఏం చదివించాలో, ఎవరి దగ్గర ఉంచాలో చెప్పడానికి చాలామంది తయారయ్యేవారు. 1897లో ఆమె చదువుతున్న కేంబ్రిడ్జ్ బడి హెడ్మాస్టరు ఆర్థర్ గిల్మన్, ఆనీ ఆమె చేత మరీ చదివిస్తోందని, ఇద్దర్నీ విడదీయడానికే ప్రయత్నించాడు. ఇద్దరూ గట్టిగా నిలబడ్డారు గనుక ఆ గండం తప్పింది. ఇచ్చినవాడికి అడిగే అధికారం తనంతట తానే వచ్చేస్తుంది కాబోలు!

కాలేజీ అయ్యాక హెలెన్ సొంత కాళ్ల మీద నిలబడాలనుకుంది. రాయడం, ఉపన్యాసాలివ్వడం, అదే వృత్తి. 1906లో మాసచూసెట్స్ రాష్ట్రం అంధుల సంక్షేమానికి వేసిన కమిషన్‌లో ఆమెని సభ్యురాలిగా తీసుకున్నారు. అక్కడే ఆమెకి కళ్లు తెరుచుకున్నాయి అనాలి. అంధత్వం అంటే దేవుడి రాత అని అప్పటిదాకా అందరిలాగే అనుకుంది. లెక్కలు చూస్తే వేరే సంగతి బయటపడింది. పుట్టిన పిల్లల కళ్లకి సోకే ఒక అంటువ్యాధి వల్ల ఎందరో గుడ్డివాళ్లవుతున్నారు. పుట్టగానే కంట్లో ఒక చుక్క వెండి నైట్రేటు మందు వేస్తే అది రాదు. తల్లిదండ్రుల సుఖరోగం వల్ల వచ్చే జబ్బు గనుక దాని పేరెత్తడానికి పత్రికలు సిగ్గుపడేవి. 1907లో ఆమె ఒక పెద్ద మహిళా పత్రికలోనే ఆ సంగతి రాసేసింది. ఫ్యాక్టరీల్లో ప్రమాదాలకి కళ్లు పోయేవాళ్లున్నారు, మురికివాడల్లో పుట్టిన పాపానికి పోయేవాళ్లున్నారు. పేదరికం వల్ల అంధత్వం, అంధత్వం వల్ల పేదరికం! ఈ గానుగ ఎవరు తిప్పుతున్నారో వెతుక్కుంటూ వెళ్లి ఆమె 1909లో సోషలిస్టు పార్టీలో చేరింది.

దాంతో పొగిడిన నోళ్లే మారిపోయాయి. అంతకుముందు ఆమెని అద్భుతమని మెచ్చుకున్న బ్రూక్లిన్ పత్రిక ఒకటి, పాపం ఆమె అవయవలోపాల వల్లే ఇలాంటి పొరపాటు అభిప్రాయాలు ఏర్పడ్డాయని రాసింది. అంటే చూడండి! జాలికి అర్హురాలు, అభిప్రాయానికి కాదు.

ఇంచుమించు ఆ రోజుల్లోనే ఉక్కు కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ ఆమెకి ఏటా 5000 డాలర్ల పెన్షన్ ఇస్తానని కబురు పెట్టాడు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. హెలెన్ మర్యాదగా వద్దంది. తన రెక్కల కష్టం మీద బతకగలనన్న నమ్మకం ఒక కారణం. కార్మికుల చెమటలోంచి వచ్చిన డబ్బు, కార్మికుల పక్షాన మాట్లాడే మనిషి ఎలా తీసుకోవడం అన్నది మరో కారణం. 1912లో న్యూయార్క్ రాష్ట్రంలోని లిటిల్ ఫాల్స్‌లో బట్టల మిల్లు కార్మికులు సమ్మె చేస్తుంటే తన సంపాదనలోంచి వాళ్లకి చెక్కు పంపిన మనిషి ఆమె. కార్నెగీ మాత్రం, మనసు మారితే చెప్పమని తలుపు తీసే ఉంచాడు.

* * *

1913 ఏప్రిల్. ఇద్దరూ ఉపన్యాసాలిస్తూ ఊళ్లు తిరుగుతున్నారు. మెయిన్ రాష్ట్రంలో బాత్ అనే ఊరు. హోటల్ గదిలో ఆనీకి ఉన్నట్టుండి తీవ్రంగా జబ్బు చేసింది. పక్కన హెలెన్ ఒక్కతే. టెలిఫోను ఉంది గాని ఆమె వినలేదు. తలుపెటో, మెట్లెటో కొత్త చోట తెలియదు. కేకేస్తే ఆమె మాట కొత్తవాళ్లకి అర్థం కాదు. ప్రపంచమంతా ఎరిగిన మనిషి, రాడ్‌క్లిఫ్ పట్టభద్రురాలు, పుస్తకాలు రాసిన రచయిత్రి, ఒక డాక్టర్ని పిలవలేక ఆ గదిలో నిలబడిపోయింది. చివరికి హోటల్ వాళ్ల సాయంతో గండం గడిచింది.

ఇంటికి చేరాక హెలెన్ కార్నెగీకి ఉత్తరం రాసింది. పెన్షన్ తీసుకుంటానని. అతను ఆలస్యం చెయ్యకుండా డబ్బు పంపాడు.

ఆ ఉత్తరం రాయడానికి ఆమె ఎంత బాధపడిందో ఊహించుకోవచ్చు. తను ఓడిపోయినట్టే అనుకుంది. కాని ఇన్నేళ్ల తరవాత చూసేవాళ్లకి అందులో ఓటమి కనిపించదు. ఆ రాత్రి ఆమెకి తెలిసిన సంగతి ఒకటే. తన బతుకు ఒకే ఒక్క మనిషి ఆరోగ్యం మీద నిలబడి ఉంది. ఇంకో మనిషిని జీతమిచ్చి పెట్టుకోవాలంటే డబ్బు కావాలి. వికలాంగుడి ఖర్చు మామూలు మనిషి ఖర్చు కాదు. కళ్లున్నవాడికి ఊరికే దొరికేది కళ్లు లేనివాడు కొనుక్కోవాలి. పోలీ థామ్సన్ అనే స్కాట్లండ్ యువతి 1914లో వాళ్లింట్లో పనికి చేరడంతో ఆ భారం కొంత తేలికయింది.

కార్నెగీ పెన్షన్ విషయంలో ఒక చిన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆమె పుస్తకాలమ్మి సంపాదించినా, ఉపన్యాసాలిచ్చి సంపాదించినా ఆ 5000లో ఎవరూ కోత పెట్టలేదు. ఇంట్లో ఏముందో చూడ్డానికి ఎవరూ రాలేదు. పేరుప్రఖ్యాతులే ఆమె అర్హతా పత్రం. పేరు లేని అంధులకి ఇలాంటి పెన్షన్ ఎవరిస్తారు?

ఆమె జీవితంలో మనం తల దించుకునే ఘట్టం కూడా ఉంది, దాచకూడదు. 1915లో షికాగోలో తీవ్రమైన అవయవలోపాలతో పుట్టిన ఒక శిశువుకి ఆపరేషన్ చెయ్యనని ఒక డాక్టరు నిరాకరించాడు. బిడ్డ చనిపోయింది. దేశమంతా గొడవ. హెలెన్ ఆ డాక్టర్ని సమర్థించింది. ఇలాంటి పిల్లలు బతకాలా వద్దా అన్నది నిపుణులైన డాక్టర్ల జ్యూరీ తేల్చాలని ఒక వారపత్రికలో రాసింది. ఆ రోజుల్లో మేధావులు చాలామంది ఈ సుప్రజననవాదపు మాయలో పడ్డారు. అయినా పంతొమ్మిదో నెలలో తన మంచం చుట్టూ అలాంటి జ్యూరీ కూర్చుని ఉంటే ఏం తీర్పు చెప్పేదో ఆమెకి తట్టలేదా? అర్హత తేల్చే పని ఎంత జ్ఞానుల చేతికిచ్చినా ఎంత ప్రమాదమో, అన్ని విధాలా బాధితురాలైన ఆమే మనకి ఇలా నిరూపించింది.

* * *

1920 నుంచి 1924 దాకా ఆమె ఆనీతో కలిసి నాటకశాలల్లో ప్రదర్శనలిచ్చింది. గారడీవాళ్ల మధ్య, నాట్యగత్తెల మధ్య ఇరవై నిమిషాల అంశం. ప్రేక్షకులు అడిగిన వాటికి చమత్కారంగా జవాబులిచ్చేది. స్నేహితులు కొందరు పరువు పోయిందన్నారు. ఆమెకి మాత్రం అది కష్టార్జితం. చందాకంటే టిక్కెట్టు మేలనుకుంది.

1921లో అమెరికా అంధుల ఫౌండేషన్ ఏర్పడింది. 1924 నుంచి ఆమె ఆ సంస్థ పని చేపట్టింది. ఇక చివరిదాకా అదే ఆమె కార్యక్షేత్రం. ఇల్లిల్లూ, సభసభా తిరిగి నిధులు పోగుచెయ్యడం ఆమెకి ఇష్టమైన పనేం కాదు, చేసింది. అదే సమయంలో రాష్ట్రాల శాసనసభల ముందూ, కాంగ్రెస్ ముందూ నిలబడింది. జాలిపడి ఇచ్చేది ఈ ఏడు ఉంటుంది, వచ్చే ఏడు ఉండదు. చట్టంలో ఉన్నది అడిగి తీసుకోవచ్చు. ఆమె ఇటు తిరగడానికి ఇదీ కారణం.

1929 తరవాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో కళ్లున్నవాళ్లకే పని లేదు. 1935లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సామాజిక భద్రతా చట్టం తెచ్చాడు. పోలియోతో కాళ్లు చచ్చుబడ్డ మనిషి అతను. అయినా ప్రభుత్వం మొదట పంపిన బిల్లులో అంధుల పెన్షన్ అనే అధ్యాయమే లేదు. అంధుల సంస్థలు పట్టుబట్టాయి, హెలెన్ తన పలుకుబడంతా వాడింది. సెనేట్ దశలో పదో అధ్యాయంగా అది చేరింది. ఆగస్టు 14న చట్టమైంది.

ఆ అధ్యాయం ఎలా పనిచేసేదో చూద్దాం. రాష్ట్రం ఒక అంధుడికి నెలకి ఇచ్చే దాంట్లో, 30 డాలర్ల వరకు సగం కేంద్రం భరిస్తుంది. శరణాలయంలో ఉన్నవాళ్లకి ఈ డబ్బు లేదు. అంటే ఇంట్లో ఉండి బతకడానికే ఇది. దరఖాస్తు తోసిపుచ్చితే విచారణ కోరే హక్కు ఉంది. టూక్స్‌బరీ నుంచి ఇక్కడికి ఎంత దూరం వచ్చామో చూశారా! 1876లో తొమ్మిదేళ్ల ఆనీకి విచారణ కోరే హక్కు మాట దేవుడెరుగు, మొరపెట్టుకోవడానికి తనిఖీ అధికారులు వచ్చేదాకా నాలుగేళ్లు ఆగాల్సి వచ్చింది.

కాని ఆ అధ్యాయంలోనే ఒక చిన్న మాట కూర్చుని ఉంది. అంధులకి కాదు, అవసరంలో ఉన్న అంధులకి అని. అవసరం ఉందో లేదో ఎవరు తేల్చాలి? రాష్ట్రాలు. మొదట కన్ను కొలవాలి. మంచి చూపున్నవాడు 200 అడుగుల దూరం నుంచి చూసేది, అద్దాలు పెట్టుకున్నా 20 అడుగుల దగ్గరికి వస్తే గాని కనపడకపోతే అంధుడు అని 1934లో అమెరికా వైద్యుల సంఘం ఒక గీత గీసింది. తరవాత నివాసం. రాష్ట్రంలో గత తొమ్మిదేళ్లలో అయిదేళ్లు ఉన్నట్టు చూపమని అడిగే వెసులుబాటు రాష్ట్రాలకి ఉంది. ఆ తరవాత ఆస్తిపాస్తుల ఆరా. 1939లో చట్టాన్ని సవరించి, అర్జీదారుకి వేరే ఏ ఆదాయం ఉన్నా, ఏ ఆస్తి ఉన్నా లెక్కలోకి తీసుకుని తీరాలని రాష్ట్రాలకి ఆజ్ఞాపించారు.

దీని ఫలితం ఒక ఉదాహరణగా చెప్పుకుందాం. కుర్చీలకి బెత్తు అల్లే అంధుడు ఒకడున్నాడు. పెన్షన్ 30 డాలర్లు. కష్టపడి నెలకి 10 డాలర్లు సంపాదించాడు. పెన్షన్ 20 అయింది. ఇంకా కష్టపడి 20 సంపాదించాడు. పెన్షన్ 10. వేళ్లు బొబ్బలెక్కినా చేతికొచ్చేది అదే 30! ఇక అల్లడం ఎందుకు? పనికిరానివాడిగా ఉంటేనే సాయం, పనికొచ్చిన మరుక్షణం కోత. సోమరితనం రాకూడదని పెట్టిన పరీక్షే పని మాన్పించే యంత్రమైంది. బొత్తిగా తప్పని అనలేం. మాంద్యపు రోజుల్లో ఖజానా చిన్నది, ఉన్నవాడికి పోతే లేనివాడికి మిగలదు అన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కాని ఆ న్యాయం కుర్చీల అల్లికవాడికి అన్యాయమైంది. కార్నెగీ హెలెన్‌ని ఈ విధంగా లెక్కకట్టి ఉంటే ఆమె పుస్తకాలు రాసేదా?

1936 అక్టోబరు 20న ఆనీ సలివన్ కన్నుమూసింది. చివరి రోజుల్లో ఆమెకి చూపు పూర్తిగా పోయింది. శరణాలయం నుంచి బయలుదేరిన ఆ పిల్ల చితాభస్మాన్ని రాజధాని వాషింగ్టన్‌లోని పెద్ద చర్చిలో భద్రపరిచారు. పోలీ థామ్సన్ తోడుగా హెలెన్ పని సాగించింది.

1944లో వికలాంగుల సాయం గురించి విచారిస్తున్న కాంగ్రెస్ ఉపసంఘం ముందు ఆమె సాక్ష్యమిచ్చింది. దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి అంధుల దుస్థితినీ, తనలా కళ్లూ చెవులూ రెండూ లేనివాళ్ల ఒంటరితనాన్నీ వాళ్ల ముందు పెట్టింది. దక్షిణాదిలో, పత్తి పొలాల నడుమ, తెల్లవాళ్ల పెద్దింట్లో పుట్టిన బిడ్డ ఆమె. చట్టం ఒకటే అయినా గుమ్మం దగ్గర ఎవరు నిలబడ్డారన్నదాన్ని బట్టి తలుపు తెరుచుకుంటుందని ఆమెకి చెప్పనక్కర్లేదు.

సంపాదనకి కోత పెట్టే పద్ధతి మీద పోరాటం నడిపినవాళ్లు వేరే ఉన్నారు. అంధుడైన న్యాయశాస్త్ర పండితుడు జాకబస్ టెన్‌బ్రూక్ 1940లో అంధులే నడుపుకునే జాతీయ సమాఖ్య స్థాపించాడు. అంధుల కోసం కాదు, అంధుల చేత అన్నది వాళ్ల పట్టు. చివరికి 1950లో చట్టం కాస్త వంగింది. అంధుడు నెలకి 50 డాలర్ల దాకా సంపాదించుకున్నా పెన్షన్‌లో కోత ఉండదన్నారు. అదే ఏడు పూర్తి శాశ్వత వైకల్యం ఉన్న ఇతర పేదలకి కూడా సాయం మొదలైంది. 1956లో వైకల్య బీమా వచ్చింది. పనిచేసిన రోజుల్లో జీతంలోంచి చెల్లించిన వాళ్లకి ఇది హక్కు. ఇల్లూ వాకిలీ ఎవరూ లెక్కపెట్టరు, పనిచెయ్యలేని స్థితి మాత్రం రుజువు కావాలి. మొదట యాభై ఏళ్లు దాటినవాళ్లకే ఇచ్చారు, 1960లో ఆ వయోపరిమితి తీసేశారు.

* * *

1955లో డెబ్భై నాలుగేళ్ల హెలెన్ ఆసియా దేశాల యాత్రలో భాగంగా మన దేశానికి వచ్చింది. నెహ్రూ గారిని కలుసుకుంది. 1964లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఆమెకి దేశపు అత్యున్నత పౌర పురస్కారం ప్రకటించాడు. 1968 జూన్ 1న, మరికొన్ని రోజుల్లో ఎనభై ఎనిమిది నిండుతాయనగా, కనెక్టికట్‌లోని సొంత ఇంట్లో నిద్రలోనే కన్నుమూసింది. ఆమె చితాభస్మాన్ని కూడా వాషింగ్టన్ చర్చిలో ఆనీ పక్కనే ఉంచారు.

ఆమె పోయిన నాలుగేళ్లకి, 1972లో, అంధుల పెన్షన్‌నీ, వృద్ధుల, వికలాంగుల పెన్షన్లనీ కలిపి అమెరికా కేంద్ర ప్రభుత్వమే నేరుగా ఇచ్చే ఒకే పథకంగా చేశారు. 1974లో అమల్లోకి వచ్చింది. రాష్ట్రానికో రేటు పోయింది. ఆరా మాత్రం పోలేదు. ఒంటరి మనిషి దగ్గర 1500 డాలర్లకి మించి ఆస్తి ఉండకూడదన్నారు. ఉంటున్న ఇల్లు లెక్కలోకి రాదు. 1989 నాటికి ఆ హద్దు 2000 అయింది. ఆ తరవాత ముప్పై ఏళ్లకి పైగా ధరలు ఎక్కడికో పోయినా ఆ అంకె కదల్లేదు. కష్టకాలానికి నాలుగు డబ్బులు దాచుకుంటే సాయం ఆగిపోతుంది. పొదుపు మంచిదని బడిలో నేర్పి, పొదుపు చేస్తే శిక్ష వేసినట్టు!

మిత్రులారా, ఇది ఎక్కడో అమెరికా కథ అనుకోకండి. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది. చాలా సౌకర్యాలకి 40 శాతం అని ఒక గీత ఉంది. 39 అని పడితే ఇవతల, 40 అని పడితే అవతల. మన తరగతిలోనే కర్ర ఊతంతో మెట్లెక్కే మిత్రుడు ఉంటే, ఆ గీత అవతలికి చేరడానికి ఎన్నిసార్లు ఆస్పత్రికి తిరిగాడో అడగండి. జాలిగా కాదు, తెలుసుకోవడానికి అడగండి.

సర్కారు డబ్బు ప్రజల డబ్బు. అది దొంగలపాలు కాకూడదు, నిజమే. ఏదో ఒక గీత గియ్యక తప్పదు, అదీ నిజమే. కాని ఆ గీత గీసేవాళ్లు బాత్ ఊరి హోటల్ గదిని ఒక్కసారి తలుచుకోవాలి. హెలెన్ కెల్లర్‌ది జన్మలో ఎవరికీ లొంగని పట్టుదల. ఆమెకే ఒకరి చెయ్యి పట్టుకోక తప్పలేదు. ఆ చెయ్యి దొరికాక ఆమె సోమరి కాలేదు, ఇంకా దాదాపు యాభై ఏళ్లు పాటుపడింది. సాయం మనిషిని చెడగొడుతుందన్న భయానికి ఆమె జీవితమే జవాబు.

ఆమెకి దొరికిన సాయం ఏ అర్జీ లేకుండా దొరికింది, ఎందుకంటే ఆమె హెలెన్ కెల్లర్. టూక్స్‌బరీలో చనిపోయిన జిమ్మీకి దొరకలేదు, ఎందుకంటే అతనెవరో ఎవరికీ తెలియదు. పేరు లేనివాడికి కూడా, వాడు ఎవరని అడక్కుండా అందేదాన్నే హక్కు అంటారు. ఆమె ఎనభై ఒక్క ఏళ్లు నడిచిన దారి ఆ వైపే. ఇంకా ఎంత దూరం మిగిలి ఉందో, ఆదాయం సర్టిఫికెట్ కోసం వరుసలో నిలబడ్డప్పుడు మనం లెక్క వేసుకోవచ్చు.